గానుగ ఇంజను: నాజిల్ బిగింపు



అనకాపల్లి పేరు చెప్పగానే ఏం గుర్తొస్తుంది? బెల్లం. శారదా నది పక్కన ఉన్న ఈ ఊళ్ళో బెల్లం మార్కెట్టు దేశంలోనే పేరున్నది. చెరకు మీద పరిశోధన చేసే కేంద్రం ఇక్కడ 1913లోనే పెట్టారు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రం కూడా అయింది.

బెల్లం దిమ్మ మార్కెట్టుకి రావాలంటే ముందు గానుగ ఆడాలి. వెనకటి రోజుల్లో గానుగని ఎడ్లు తిప్పేవి. తర్వాత డీజిల్ ఇంజను వచ్చింది. ఇప్పుడు చాలా చోట్ల కరెంటు మోటార్లు వచ్చేశాయి. అయినా కరెంటు లైను లేని పొలంలో, కరెంటు పోయిన రాత్రి, డీజిల్ ఇంజనే దిక్కు. నీళ్ళు తోడే పంపు దగ్గరా అదే. పూడిమడక లాంటి సముద్రపు ఊళ్ళలో పడవల మీదా అదే.

ఆ ఇంజను తల మీద ఒక చిన్న భాగం ఉంటుంది. మన చేతి వేలు కంటే కొంచెం పెద్దది. దాన్ని ఇంజెక్టరు అంటారు. దాని కొసన ఉండే ముక్కు నాజిల్. మన పక్క మేస్త్రీలు మొత్తం దానినే నాజిల్ అంటారు. మనం కూడా అలాగే అందాం. ఈ పాఠం దాని గురించే.

ఇంజను పని మగవాళ్ళది కదా, మనకెందుకు అనుకుంటున్నారా? మా వదిన కూడా అలాగే అనుకుంది. ముందు ఆమె సంగతి వినండి.

వదిన నోటు పుస్తకం

మా వదిన వాళ్ళది మునగపాక పక్క ఊరు. వాళ్ళకి ఎకరంన్నర చెరకు ఉంది. గానుగ సొంతం కాదు. ఆరు కుటుంబాలు కలిసి పెట్టుకున్నారు. వంతులు వేసుకుని ఆడతారు.

ఒక ఏడాది సంక్రాంతి దాటాక వదిన వాళ్ళ వంతు వచ్చింది. చెరకు కొట్టేశారు. బండ్ల మీద గానుగ దగ్గరికి చేర్చేశారు. మొదటి పెనం దిగింది. రెండో పెనానికి రసం పడుతోంది. అప్పుడు ఇంజను తల దగ్గర నుంచి "ఛుఫ్ ఛుఫ్" అని గాలి చప్పుడు మొదలైంది. నాజిల్ చుట్టూ నల్లటి తడి. డీజిల్ చుక్కలు కింద చెరకు పిప్పి మీద పడుతున్నాయి.

"ఏటది, ఇంజను దగ్గుతోంది?" అంది వదిన వాళ్ళ అత్త.

మా అన్నయ్య పానా తెచ్చాడు. పానాకి ఒక ఇనప పైపు తొడిగాడు. బలమంతా పెట్టి ఒక పక్క నట్టు బిగించాడు. చప్పుడు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. పట్నం నుంచి ఒక కుర్ర మేస్త్రీని పిలిచారు. అతను వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నం అయింది. అతనూ నట్లు గట్టిగా బిగించాడు. డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు. రాత్రికి మళ్ళీ అదే చప్పుడు.

కొట్టిన చెరకు ఎండకి ఉంటే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. బరువు తగ్గిపోతుంది. తీపి విరిగిపోతుంది. అలాంటి రసం ఎంత కాచినా పాకం సరిగా గట్టిపడదు. బెల్లం జిగురుగా ఉంటుంది, రంగు నల్లబడుతుంది. మార్కెట్లో ధర పలకదు. వెనక వంతు వాళ్ళు కూడా చెరకు కొట్టేసి కూర్చున్నారు. "మీ వంతులోనే ఇంజను పాడైంది" అని మాట కూడా పడింది.

మూడో రోజు ఒక పెద్ద మేస్త్రీ వచ్చాడు. వయసు మళ్ళినవాడు. ఆయన బిగించడం మొదలు పెట్టలేదు. ముందు అంతా విప్పాడు. నాజిల్ బయటికి తీసి, ఆ కన్నంలోకి టార్చి లైటు వేశాడు.

"ఇలా రా అమ్మా, సూడు. నీ మరద్దండం ఇక్కడుంది" అన్నాడు.

లోపల పాత రాగి వాషరు ఒకటి మసితో అంటుకుపోయి ఉంది. ఎప్పుడో ఎవరో దాన్ని తీయకుండా దాని మీదే ఇంకో వాషరు వేసేశారు. పై వాషరు ఒక పక్క నలిగిపోయి ఉంది. అది మా అన్నయ్య పైపు బలం.

"బావు, బిగించడమంటే బలం కాదా?" అంది వదిన.

"బలం ఆఖర్ని అమ్మా. ముందు శుభ్రం. తర్వాత సమానం."

వదిన అప్పటికి రాత్రి బడిలో చదువు నేర్చుకుని రెండేళ్ళయింది. ఉత్తరం ముక్క తప్ప ఏమీ రాయలేదు. ఆ రోజు పిల్లవాడి బడి సంచీలోంచి నోటు పుస్తకం తీసి మేస్త్రీ చెప్పినదంతా రాసుకుంది. ఆ పుస్తకానికి ఇప్పటికీ డీజిల్ వాసన వస్తుంది. ఈ పాఠంలో సగం అందులోదే. మిగతా సగం ఇంజను పుస్తకాల్లోది.

నాజిల్ ఏం చేస్తుంది?

డీజిల్ అన్నది ఒక మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మనీ ఇంజనీరు 1897లో ఈ రకం ఇంజనుని నడిపి చూపించాడు. ఆయన పేరే ఇంజనుకి, అందులో పోసే నూనెకి కూడా నిలిచిపోయింది.

ఈ ఇంజనులో నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. మరి మంట ఎలా పుడుతుంది? సైకిలు పంపు గబగబా కొట్టి చూడండి. పంపు అడుగు భాగం వేడెక్కుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుందన్న మాట. ఇంజనులో పిస్టను గాలిని చాలా గట్టిగా నొక్కుతుంది. ఆ గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. నీళ్ళు మరిగేది 100 డిగ్రీల దగ్గర. దానికి అయిదు రెట్లు! సరిగ్గా ఆ క్షణాన నాజిల్ డీజిల్‌ని పొగమంచులాగా చిమ్ముతుంది. అది దానంతట అదే అంటుకుంటుంది.

అంత ఒత్తిడిలో ఉన్న గాలిలోకి డీజిల్ వెళ్ళాలంటే, డీజిల్‌కి అంతకంటే ఎక్కువ ఒత్తిడి ఉండాలి. ఎంతో తెలుసా? మన వంటింట్లో ప్రెషర్ కుక్కరు ఉంది కదా. అది విజిల్ వేసేటప్పుడు లోపల సుమారు ఒక కిలో ఒత్తిడి ఉంటుంది. అంటే చదరపు సెంటీమీటరు చోటు మీద ఒక కిలో బరువు పెట్టినట్టు. చాలా చిన్న ఇంజన్లలో నాజిల్ తెరుచుకునేది 200 కిలోల ఒత్తిడి దగ్గర. కుక్కరు గాస్కెట్టు కొంచెం వదులైతేనే ఆవిరి బుస్సుమంటుంది. ఇక్కడ దానికి రెండు వందల రెట్లు. అందుకే చిన్న తేడా ఉన్నా కారుతుంది.

ఈ ఒత్తిడి పుట్టించే పంపులు, నాజిళ్ళు చేయడం సులువు కాదు. నాజిల్ లోపల ఒక సూది ఆడుతుంది. దానికీ దాని గూటికీ మధ్య ఉండే ఖాళీ మన తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. జర్మనీలో బాష్ కంపెనీ 1927లో డీజిల్ పంపులు పెద్ద ఎత్తున చేయడం మొదలు పెట్టింది. మన దేశంలో బెంగుళూరులో 1951లో మైకో కంపెనీ మొదలైంది. 2008లో దాని పేరు బాష్ అని మారింది. కానీ మేస్త్రీల నోట ఇప్పటికీ మైకోయే.

ఎక్కడ కారుతోంది?

కారుతోంది అనగానే పానా తీయకూడదు. ముందు ఎక్కడో చూడాలి. పెద్ద మేస్త్రీ చేసింది అదే. ఇంజను ఆపాడు. చల్లారనిచ్చాడు. నాజిల్ చుట్టూ బ్రష్షుతో, డీజిల్‌తో కడిగి, పొడి గుడ్డతో తుడిచాడు. మళ్ళీ ఇంజను వేసి దూరం నుంచి చూశాడు. తుడిచాక మొదట తడి ఎక్కడ వచ్చిందో అదే జబ్బున్న చోటు.

నాజిల్ అడుగున, ఇంజను తలలో దిగే చోట చప్పుడూ నల్లటి మసీ వస్తే, అది అడుగు రాగి వాషరు జబ్బు. అక్కడ కారేది లోపలి గాలి. వదిన వాళ్ళకి వచ్చింది ఇదే.

పంపు నుంచి నాజిల్‌కి సన్నటి ఉక్కు గొట్టం వస్తుంది. దాన్ని ప్రెషర్ పైపు అంటారు. దాని నట్టు దగ్గర డీజిల్ చుక్క కడితే, నట్టు వదులై ఉండాలి. లేదా గొట్టం కొస అరిగి ఉండాలి.

నాజిల్ పై నుంచి ఇంకో సన్న గొట్టం వెనక్కి పోతుంది. దాన్ని రిటన్ పైపు అంటారు. సూది పక్క నుంచి జారిన కొద్దిపాటి డీజిల్ దాని లోంచి వెనక్కి వెళ్ళాలి. అది జబ్బు కాదు. కారుతోంది కదా అని ఆ గొట్టం మూసేసిన వాళ్ళని నేను చూశాను. అలా చేయకండి. దాని బోల్టుకి అటూ ఇటూ ఉండే చిన్న వాషర్లు నలిగితే మాత్రం కొత్తవి వేయాలి.

ఇక నాజిల్‌ని దాని ఒంటికి పట్టి ఉంచే పెద్ద టోపీ నట్టు ఒకటి ఉంటుంది. అక్కడ చెమ్మ వస్తుంటే మనం ముట్టుకోవద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

చేయి పెట్టవద్దు

ఈ భాగం మెల్లగా, రెండుసార్లు చదవండి.

ఇంజను నడుస్తుండగా ఎక్కడ కారుతోందో అని వేలు పెట్టి తడమకూడదు. 200 కిలోల ఒత్తిడితో వచ్చే డీజిల్ సన్నటి దారంలా ఉంటుంది. కంటికి కనబడకపోవచ్చు కూడా. అది చర్మం తొలుచుకుని లోపలికి పోతుంది. పైన చూస్తే సూది గుచ్చినంత గుర్తు. మొదట నొప్పి కూడా అంతగా ఉండదు. "ఏం కాలేదులే" అనిపిస్తుంది. కొన్ని గంటల్లో వేలు వాచిపోతుంది, రంగు మారుతుంది. లోపల డీజిల్ కండని చంపేస్తూ ఉంటుంది. ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చేయి తీసేయాల్సి వస్తుంది.

అలా జరిగితే పసుపు పెట్టి ఇంట్లో కూర్చోకూడదు. నొప్పి లేకపోయినా సరే, అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి వెళ్ళాలి. 108కి ఫోను చేయాలి. డాక్టరుతో "నూనె అంటింది" అని చెప్తే చాలదు. "ఇంజను ఒత్తిడితో డీజిల్ చేతి లోపలికి వెళ్ళింది" అని చెప్పాలి. ఆపరేషను చేసి లోపల కడగాల్సి ఉంటుంది. ఆ మాట చెప్పకపోతే చిన్న గుచ్చు అనుకుని పంపేసే ప్రమాదం ఉంది.

మరి ఎలా చూడాలి? ఒక అట్టముక్కని పొడుగాటి కర్రకి కట్టి దగ్గర పెట్టండి. అట్ట మీద తడి మచ్చ పడితే అక్కడ కారుతున్నట్టు. ముఖం దగ్గరగా పెట్టకండి.

బిగించేటప్పుడు ఇంజను ఆగి ఉండాలి. పైట చెంగు బొడ్లో గట్టిగా దోపాలి. జడ ముడి వేసుకోవాలి. చక్రానికి, బెల్టుకి మన మీద జాలి ఉండదు. డీజిల్ పడిన పిప్పి తీసి దూరంగా పారేయాలి. పక్కనే బెల్లం పొయ్యి మండుతూ ఉంటుంది కదా. నిప్పురవ్వ ఎగిరి ఆ పిప్పి మీద పడితే గానుగ పాకే మిగలదు.

విప్పడం, శుభ్రం చేయడం

ఇంజను చల్లారాక డీజిల్ ట్యాంకు కుళాయి కట్టేయాలి. చుట్టూ తుడవాలి. విప్పాక తుడిస్తే మట్టి లోపల పడుతుంది. రిటన్ పైపు, ప్రెషర్ పైపు విప్పాలి. ప్రెషర్ పైపుని వంచకూడదు. ఒక కొస మాత్రమే విప్పి పక్కకి లాగితే అది ఇంకెప్పుడూ సరిగా కూర్చోదు. రెండు కొసలూ వదులు చేసి మొత్తం తీసేయాలి. తెరిచిన కొసలకి శుభ్రమైన ప్లాస్టిక్ కాగితం కట్టాలి.

నాజిల్‌ని పట్టి ఉంచే నట్లు రెండు ఉంటాయి. వాటిని కూడా ఒకటి కొంచెం, ఇంకొకటి కొంచెం విప్పాలి. నాజిల్ రాకపోతే సుత్తితో కొట్టకండి. అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి లాగండి.

ఇప్పుడు టార్చి వేసి కన్నంలో చూడండి. పాత వాషరు నాజిల్‌తో పాటు వచ్చిందా, అడుగున ఉండిపోయిందా? ఉంటే వంపు తిప్పిన సన్న తీగతో తీయాలి. రెండు వాషర్లు ఉంటే నాజిల్ ఎత్తు మారుతుంది. డీజిల్ చిమ్మాల్సిన చోట కాక వేరే చోట పడుతుంది. పొగ కూడా వస్తుంది.

వాషరు ఆనే గుండ్రటి చోటుని పుల్లకి గుడ్డ చుట్టి తుడవాలి. ఇనప పనిముట్టుతో గీకితే గీతలు పడతాయి. ఆ గీతల్లోంచే గాలి దారి చేసుకుంటుంది. తుడిచాక చక్రాన్ని చేత్తో రెండు మూడు చుట్లు తిప్పితే లోపల పడిన మసి గాలితో పాటు బయటికి వస్తుంది. అప్పుడు ముఖం ఆ కన్నం మీద ఉంచకండి.

నాజిల్ ముక్కుకి ఇనప బ్రష్షు, గరుకు కాగితం, గుండుసూది తగలనివ్వకూడదు. దాని కన్నాలు అతి సన్నవి. ఒక్కసారి పెద్దవైతే నాజిల్ పనికిరాదు.

కొత్త రాగి వాషరు వేయాలి. రాగే ఎందుకు? రాగి మెత్తన. బిగిస్తే కొంచెం నలిగి, రెండు వైపులా ఉన్న సన్నటి గీతల్లో సర్దుకుంటుంది. అందుకే గాలి ఆగుతుంది. ఒకసారి నలిగిన రాగి గట్టిబడిపోతుంది. రెండోసారి నలగదు. కొత్తది దొరకకపోతే పాతదాన్నే ఎర్రగా కాల్చి, చల్లార్చి, మసి తుడిచి వాడతారు. కాల్చితే రాగి మళ్ళీ మెత్తబడుతుంది. కానీ ఒక వాషరు ఖరీదు ఎంత? ఒక్క పెనం బెల్లం చెడితే పోయేది ఎంత? పంట మొదలవ్వక ముందే రెండు వాషర్లు కొని డబ్బాలో వేసుకోవడం మేలని నా మాట. మందం మాత్రం ఇంజను పుస్తకంలో చెప్పినదే ఉండాలి.

బిగించడం

నాజిల్‌ని తిన్నగా దించాలి. ముందుగా ప్రెషర్ పైపు నట్టుని వేళ్ళతో రెండు మూడు మరలు ఎక్కించాలి. పానాతో కాదు, వేళ్ళతో. వేళ్ళకి ఎక్కకపోతే గొట్టం వంకరగా ఉందని అర్థం. బలవంతం చేస్తే మర పోతుంది.

తర్వాత రెండు పట్టు నట్లు. వాటిని కూడా ముందు వేళ్ళతో ఆనేదాకా తిప్పాలి. ఇప్పుడు పానా తీసుకోండి. ఎడమ నట్టు పావు చుట్టు. కుడి నట్టు పావు చుట్టు. మళ్ళీ ఎడమ. మళ్ళీ కుడి. అలా మార్చి మార్చి బిగించాలి.

"అలా ఎందుకు? ఒకటి పూర్తిగా బిగించి రెండోది బిగిస్తే కాదా?" అంది వదిన.

"బెల్లం పెనం పొయ్యి మీద ఎక్కించినప్పుడు ఒక పక్క ఒరిగితే ఏటవుద్ది?" అన్నాడు మేస్త్రీ.

"పాకం ఒక పక్కకే పోద్ది."

"ఇదీ అంతే. నాజిల్ ఒక పక్కకి ఒరుగుద్ది. వాషరు అటు నలుగుద్ది, ఇటు ఖాళీ ఉండిపోద్ది. ఆ ఖాళీలోంచి గాలి వచ్చేత్తది."

ఎక్కువ బిగిస్తే ఇంకో బాధ ఉంది. నాజిల్ ఒళ్ళు కొంచెం నొక్కుకుపోతుంది. లోపల సూది పట్టేస్తుంది. అప్పుడు నాజిల్ మూసుకోక డీజిల్ కారుతూ ఉంటుంది. నల్ల పొగ వస్తుంది, ఇంజను టకటకమని కొట్టుకుంటుంది. కారడం ఆపుదామని బిగిస్తే లోపల కారడం మొదలైందన్న మాట!

మరి ఎంత బిగించాలి? దీనికి ఒక లెక్క ఉంది. మన బడి లెక్కే. పానా పొడవుని, మనం లాగే బరువుతో హెచ్చవేయాలి. పానా పొడవు 20 సెంటీమీటర్లు. అంటే మీటరులో అయిదో వంతు. దాని కొసని 10 కిలోల బలంతో లాగితే 10లో అయిదో వంతు, 2 వచ్చింది. దీన్ని 2 కిలో మీటర్ల బిగువు అంటారు. దారి దూరం కొలిచే కిలోమీటరు వేరు, ఇది వేరు. కిలోనీ మీటరునీ హెచ్చవేసినది ఇది.

ఇప్పుడు మా అన్నయ్య తొడిగిన పైపు సంగతి చూద్దాం. పైపుతో కలిపి పొడవు 60 సెంటీమీటర్లు. అదే 10 కిలోల బలం. ఎంత అవుతుంది? 6. మూడు రెట్లు! చేతికి అదే బరువు అనిపిస్తుంది, నట్టుకి మాత్రం మూడింతలు తగులుతుంది. బోల్టు తెగకపోవడం అన్నయ్య అదృష్టం.

మీ ఇంజనుకి ఎంత బిగువు కావాలో ఇంజనుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఒక్కో ఇంజనుకి ఒక్కో లెక్క. కొన్ని పుస్తకాల్లో న్యూటన్ మీటర్లు అని రాస్తారు. 10 న్యూటన్ మీటర్లు అంటే దాదాపు 1 కిలో మీటరు బిగువు. పట్టణంలో మేస్త్రీల దగ్గర టార్క్ రెంచి అనే పానా ఉంటుంది. బిగువు ఎంతో అదే చూపిస్తుంది. అది లేకపోతే? మన దగ్గర స్ప్రింగు కాటా ఉంది కదా, కూరగాయలు తూచేది. దాని కొక్కేన్ని పానా కొసకి తగిలించి, పానాకి సరిగ్గా అడ్డంగా లాగండి. ముల్లు 10 దగ్గరికి వస్తే 10 కిలోలు. వదిన ఇప్పటికీ ఇలాగే చేస్తుంది. మొదట్లో చూసి నవ్వినవాళ్ళే తర్వాత కాటా అడిగి పట్టుకెళ్ళారు.

గాలి తీయడం

నాజిల్ విప్పితే గొట్టంలో గాలి చేరుతుంది. గాలి ఉంటే ఇంజను వేయదు. పట్టు నట్లు బిగించాక, నాజిల్ దగ్గర ప్రెషర్ పైపు నట్టుని ఒక చుట్టు వదులుగా ఉంచండి. కుళాయి తిప్పండి. హ్యాండిలుతో ఇంజనుని మెల్లగా తిప్పండి. ముందు బుడగలతో డీజిల్ వస్తుంది. బుడగలు పోయి డీజిల్ ఒక్కటే వచ్చినప్పుడు నట్టు బిగించండి. ఇక్కడ రెండు పానాలు కావాలి. ఒక దానితో నాజిల్ మీది ముక్కని కదలకుండా పట్టుకోవాలి. రెండో దానితో నట్టు తిప్పాలి. ఒక్క పానాతో తిప్పితే నాజిల్ మొత్తం తిరిగి, మనం బిగించిన వాషరు కదిలిపోతుంది.

మళ్ళీ హ్యాండిలు తిప్పండి. నాజిల్ లోపల "కిర్రు... కిర్రు" అని చప్పుడు రావాలి. వదిన పుస్తకంలో ఈ మాట కింద రెండు గీతలు ఉన్నాయి. ఆ చప్పుడు వస్తే నాజిల్ చిమ్ముతున్నట్టు.

ఇంజను వేశాక అట్టముక్క పెట్టి చూడండి. అరగంట నడిపాక ఆపి, చల్లారాక పట్టు నట్లని అదే లెక్కకి మళ్ళీ చూడండి. రాగి వేడికి కొంచెం సర్దుకుంటుంది కాబట్టి నట్టు పిసరంత తిరగవచ్చు.

టోపీ నట్టు సంగతి చెబుతానన్నాను. దాని లోపల నాజిల్‌కి, పై ఒంటికి మధ్య వాషరు ఉండదు. రెండు ఉక్కు ముఖాలు అద్దంలా నున్నగా చేసి ఒకదానికి ఒకటి ఆనిస్తారు. తిరగలి రాళ్ళ మధ్య ఒక్క గింజ ఉన్నా పై రాయి ఆనదు కదా. ఇక్కడ కంటికి కనబడని దుమ్ము చాలు. గుడ్డ పోగు చాలు. అందుకే దాన్ని శుభ్రమైన డీజిల్‌లో కడిగి, తడిగానే కలిపి, లెక్క ప్రకారం బిగించి, టెస్టింగు మిషను మీద ఒత్తిడి చూస్తారు. ఆ మిషను ఉన్న చోటికే తీసుకెళ్ళాలి. గానుగ దగ్గర పిప్పి ధూళిలో విప్పితే డబ్బు దండగ.

ఆడవాళ్ళు ఈ పని చేయగలరా అని ఎవరైనా అడిగితే, ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లా సంగతి చెప్పండి. అక్కడ 1990ల మొదట్లో మహిళా సమాఖ్య ద్వారా పల్లె ఆడవాళ్ళు చేతి పంపులు బాగు చేయడం నేర్చుకున్నారు. వాళ్ళలో చాలామంది అప్పుడప్పుడే చదువు నేర్చుకుంటున్నవాళ్ళు. పానాతో పాటు కలం కూడా పట్టి "మహిళా డాకియా" అని ఒక పత్రిక కూడా నడిపారు.

మా వదిన పత్రిక నడపలేదు. మరుసటి ఏడు గానుగ మొదలయ్యే ముందు రోజు నోటు పుస్తకం ముందు పెట్టుకుని నాజిల్ తనే బిగించింది. మా అన్నయ్య టార్చి పట్టుకున్నాడు.

చదివారు కదా, ఇప్పుడు చేయండి

ఈ మాటలు చూసి రాయండి: పానా, నట్టు, రాగి వాషరు, ప్రెషర్ పైపు, బిగువు, ఒత్తిడి.

ఒక లెక్క. నాజిల్ పైపు దగ్గర చుక్కలు పడుతున్నాయి. కింద గ్లాసు పెట్టారు. గంటకి 50 మిల్లీలీటర్లు పడింది. గానుగ రోజుకి 10 గంటలు ఆడుతుంది. రోజుకి ఎంత కారుతుంది? 60 రోజుల్లో ఎన్ని లీటర్లు? లీటరు 100 రూపాయలు అనుకుంటే ఎంత డబ్బు? మీ జవాబు 3,000 రూపాయలు వచ్చిందా? రాకపోతే 1,000 మిల్లీలీటర్లు ఒక లీటరు అన్న సంగతి గుర్తు చేసుకుని మళ్ళీ చేయండి.

ఇంకో లెక్క. మీ ఇంట్లో పానా పొడవు టేపుతో కొలవండి: ______ సెంటీమీటర్లు. ఇంజను పుస్తకంలో పట్టు నట్టుకి రాసిన బిగువు: ______. అయితే స్ప్రింగు కాటాలో ముల్లు ఎన్ని కిలోల దగ్గరికి రావాలి? ______

మీ ఊళ్ళో ఆగి ఉన్న ఇంజను దగ్గరికి నలుగురు కలిసి వెళ్ళండి. నాజిల్ ఎక్కడుందో, రిటన్ పైపు ఎటు పోతుందో వేలు పెట్టి చూపించుకోండి. తడి ఎక్కడ కనబడిందో ఇక్కడ రాయండి: ____________